ప్రకటనలో కారు, కాగితం మీద లెక్క

"1969 కార్వెట్ స్టింగ్‌రే. కన్వర్టిబుల్. లె మాన్స్ బ్లూ. 427 ఇంజన్, మ్యాచింగ్ నంబర్స్. 48,000 డాలర్లు."

పిల్లలు పడుకున్నాక ఫోన్‌లో ఇలాంటి ప్రకటన కనబడితే ఆ రాత్రికి నిద్ర సంగతి మరిచిపోవాల్సిందే. ఇల్లినాయిలో షామ్‌బర్గ్, హాఫ్‌మన్ ఎస్టేట్స్, నేపర్‌విల్ వైపు ఉన్న మనవాళ్ళలో పాత స్పోర్ట్స్ కార్ల మీద మోజున్నవాళ్ళు తక్కువేం కాదు. ఏళ్ళ తరబడి ఉద్యోగం చేసి, ఇంటి అప్పు చాలావరకు తీర్చి, పెద్దపిల్ల కాలేజీకి వెళ్ళాక, హాస్టల్ గోడ మీద అంటించుకున్న బొమ్మలోని కారు ఇక కొనగలమనిపించే వయసు ఒకటి వస్తుంది. అది మంచి కోరికే. అయితే అమ్మేవాడు అడిగే ధర అతని ఆశని బట్టి ఉంటుంది, మనం ఇవ్వాలనుకునే ధర మన మోజుని బట్టి ఉంటుంది. ఆ రెండిటితో నిమిత్తం లేకుండా రుజువులు చెప్పే ధర ఒకటుంటుంది. దాన్ని ఎలా పట్టుకోవాలో ఈ అధ్యాయంలో చూద్దాం. ఉదాహరణకి పై ప్రకటననే తీసుకుంటాను. మీ మనసు పోర్షె మీదో డాట్సన్ 240జెడ్ మీదో ఉన్నా లెక్క వేసే తీరు ఇదే.

ముందు అది ఏ కారో తేలాలి

కొత్త కార్లు కొని కొని మనకి ఒక అలవాటైంది. చాసిస్ నంబర్ కార్‌ఫాక్స్‌లో కొడితే జాతకమంతా వచ్చేస్తుందనుకుంటాం. పదిహేడు అక్షరాల నంబర్ అమెరికాలో తప్పనిసరైంది 1981 మోడల్ నుంచి. అంతకుముందు కార్లకి ఆ జాతకం ఉండదు. 1969 కార్వెట్ నంబర్ 19467 అని మొదలైతే అది కన్వర్టిబుల్, 19437 అని మొదలైతే కూపే. తర్వాతి 9 మోడల్ సంవత్సరాన్ని, ఎస్ అక్షరం సెయింట్ లూయిస్ ఫ్యాక్టరీని చెబుతాయి. ఆ తర్వాతది వరస సంఖ్య. ఇంతే. అందులో ఏ ఇంజన్ పెట్టి పంపారో ఆ నంబర్ చెప్పదు. ఇంజన్‌ని సూచించే అక్షరం కార్వెట్ నంబర్‌లో చేరింది 1972లో.

ధరలో పెద్ద తేడా వచ్చేది సరిగ్గా ఇక్కడే. 1969లో మామూలు ఇంజన్ 350. దానికి పైన 427 ఇంజన్ రకరకాల శక్తుల్లో వచ్చింది. 390 హార్స్‌పవర్ 427కి ఒక ధర, 435 హార్స్‌పవర్‌దానికి ఇంకా పెద్ద ధర, కేవలం 116 కార్లలో వచ్చిన ఎల్88కి సామాన్యుడు తలెత్తి చూడలేని ధర. 350తో పుట్టిన కారులో ఎవరో తర్వాత 427 దించి ఉంటే, నడపడానికి అది బ్రహ్మాండంగా ఉండొచ్చు కానీ 427తో పుట్టిన కారు ధర దానికి ఇవ్వకూడదు. ప్రకటనలో "అరుదైనది" అన్న మాట కూడా ఉంటుంది. 1969లో మొత్తం 38,762 కార్వెట్లు తయారయ్యాయి. అరుదు అనే మాట ఆ ఇంజన్‌కి, ఆ కాగితాలకి వర్తిస్తుందేమో చూడాలి. ఒట్టి స్టింగ్‌రే అన్న పేరుకి వర్తించదు.

అందుకని అమ్మేవాణ్ణి అడగాల్సిన మొట్టమొదటి ఫొటో కారుది కాదు, ఇంజన్ మీద అరచేతిలో సగం కూడా లేని ఒక చదునైన చోటుది. ఇంజన్ ముందు భాగంలో, ప్యాసింజర్ వైపు, సిలిండర్ హెడ్‌కి సరిగ్గా ముందు ఉంటుందది. దాని మీద రెండు ముద్రలుంటాయి. ఒకటి ఇంజన్ తయారైన చోటు, నెల, తేదీ, రకం చెప్పేది. టీ అక్షరంతో మొదలైతే టోనవాండా, అంటే పెద్ద ఇంజన్. వీ అక్షరమైతే ఫ్లింట్, చిన్న ఇంజన్. రెండోది ఆ కారు చాసిస్ నంబర్‌లోని చివరి అంకెలు. ఈ అంకెలు కారు నంబర్‌తో కలిస్తేనే "మ్యాచింగ్ నంబర్స్" అనాలి.

కలిసినంత మాత్రాన సరిపోదు. పాత ముద్రలు చెరిపేసి కొత్తవి కొట్టేవాళ్ళు ఉన్నారు. ఫ్యాక్టరీలో ఆ చోటుని మిషన్ మీద చెక్కినప్పుడు సన్నటి గీతలు సమాంతరంగా, వెంట్రుకల్లా పడతాయి. ముద్రలు ఆ గీతల మీద పడి ఉండాలి. గీతల్లేకుండా నున్నగా ఉన్నా, గుండ్రంగా సాన పట్టిన జాడలున్నా, అంకెలు మరీ కొత్తగా, లోతుగా మెరుస్తున్నా అక్కడ ఎవరో చెయ్యి పెట్టారని అర్థం. పెద్ద రిపేరులో భాగంగా నిజాయితీగా మిషన్ చేయించినా గీతలు పోతాయి. అందుకని అమ్మేవాణ్ణి మోసగాడనక్కర్లేదు. రుజువు పోయింది కాబట్టి రుజువుకిచ్చే ధర ఇవ్వకపోతే చాలు. ఫొటో అడిగేటప్పుడు ఇంకో మాట చెప్పండి: మడ్డి పోయేలా బ్రేక్ క్లీనర్‌తో తుడిచి, టార్చి పక్క నుంచి వేసి తీయమనండి. గరుకు కాగితం మాత్రం తగలనివ్వొద్దనండి.

కాగితాల్లో అన్నిటికంటే విలువైంది పెట్రోల్ ట్యాంకు మీద ఫ్యాక్టరీ వాళ్ళు అంటించిన ట్యాంక్ స్టిక్కర్. ఆ కారుకి ఏమేం ఆప్షన్లు పెట్టారో అందులో వరసగా ఉంటుంది. చాలా కార్లలో అది చెమ్మకి చివికిపోయింది. ఉన్నవాళ్ళు ప్రాణంలా దాచుకుంటారు. వారంటీ పుస్తకానికి ఉండే ప్రొటెక్ట్-ఓ-ప్లేట్ అనే చిన్న లోహపు రేకు కూడా గట్టి సాక్ష్యమే. తలుపు దగ్గర రివెట్లతో బిగించిన ట్రిమ్ ట్యాగ్ మీద రంగు సంఖ్య ఉంటుంది. లె మాన్స్ బ్లూ అయితే 976. ట్యాగ్ ఇంకో సంఖ్య చెబుతుంటే నీలం తర్వాత వేసిన రంగన్నమాట, ధర ఒక మెట్టు దిగాలి.

పేరున్నవాళ్ళ కారు అని ఎవరైనా చెప్పినా ఇదే కొలత. అపోలో 12లో చంద్రుడి దగ్గరికి వెళ్ళిన ముగ్గురు వ్యోమగాములకీ ఒకే తీరు బంగారు, నలుపు రంగుల 1969 కార్వెట్లు ఉండేవి. వాటిలో ఆలన్ బీన్ కారు ఇప్పటికీ భద్రంగా ఉంది. దాని విలువ వేరే లోకం. ఎందుకంటే ఫొటోలున్నాయి, చరిత్ర ఉంది. "మా నాన్నగారు ఫలానా ఆటగాడి దగ్గర కొన్నారు" అన్నది వినడానికి బాగుంటుంది. కాగితం లేకపోతే డాలరు కూడా కలపకండి.

ఫైబర్ గ్లాస్ కింద ఇనుము

కార్వెట్ ఒంటికి తుప్పు పట్టదు, అది ఫైబర్ గ్లాస్. ఈ ఒక్క మాటతో ఎంతోమంది ధైర్యం తెచ్చుకుని కొనేస్తారు. ఒంటి కింద ఫ్రేము ఇనుమే. అద్దం చుట్టూ, తలుపుల స్తంభాల్లో ఉండే చట్రం కూడా ఇనుమే. దాన్ని ఇక్కడివాళ్ళు బర్డ్‌కేజ్ అంటారు. ఇల్లినాయి చలికాలంలో రోడ్ల మీద చల్లే ఉప్పు ఏం చేస్తుందో షామ్‌బర్గ్‌లో ఉన్నవాళ్ళకి వేరే చెప్పక్కర్లేదు. ఫ్రేము వెనక చక్రాలకి ముందు పైకి వంపు తిరిగే చోట, ముందు అద్దం కింది మూలల్లో, తలుపు స్తంభాల అడుగున తుప్పు చేరుతుంది. బర్డ్‌కేజ్ తినేసి ఉంటే బాగు చేయడమంటే ఒంటిని దాదాపు విప్పేయడమే. అలాంటి కారుకి పైన రంగు ఎంత మెరిసినా అది విడిభాగాల ధర మాత్రమే.

ఇనుప ఒంటి కార్లయితే అయస్కాంతం పెట్టి, లేదా పెయింట్ మందం కొలిచే మీటర్ పెట్టి పుట్టీ ఎక్కడుందో పట్టేయొచ్చు. ఈ విద్య డాట్సన్‌కి పనికొస్తుంది, కార్వెట్‌కి పనికిరాదు. ఫైబర్ గ్లాస్‌కి అయస్కాంతం అంటుకోదు, మామూలు మీటర్ రీడింగ్ ఇవ్వదు. కార్వెట్‌కి దెబ్బ తగిలిందా అన్నది చక్రాల గూళ్ళ లోపలి వైపు చూస్తే తెలుస్తుంది. ఫ్యాక్టరీ పలకలు అచ్చులో నొక్కి చేసినవి, లోపలి వైపు కూడా నునుపుగా ఉంటాయి. తర్వాత బిగించిన చేతిపని పలకల లోపల గరుకుగా, నార కనబడుతూ ఉంటుంది.

అందుకే ప్రకటనలో ఎన్ని ఫొటోలున్నాయని కాక ఏవి లేవో చూడండి. సూర్యాస్తమయం ముందు నిలబెట్టిన ఫొటోలు డజను ఉండి కింది నుంచి తీసిన ఫొటో ఒక్కటీ లేకపోతే అడగండి. మొహమాటం మనవాళ్ళకి పెద్ద శత్రువు. "ఇన్ని అడిగితే ఏమనుకుంటాడో" అని ఊరుకుంటాం. నలభై వేల డాలర్లు ఇస్తున్నది మనం.

ఒక వీడియో తప్పకుండా తెప్పించుకోండి. రాత్రంతా ఆపి ఉంచిన కారుని పొద్దున్నే స్టార్ట్ చేసినప్పుడు తీసింది. మొదటి నిమిషంలో వచ్చే పొగ, చప్పుడు తర్వాత దొరకవు. అదే వీడియోలో హెడ్‌లైట్లు వేయమనండి. ఈ తరం కార్వెట్‌లో హెడ్‌లైట్లు వ్యాక్యూమ్‌తో పైకి లేస్తాయి. రెండూ ఒకేసారి టక్కున లేస్తే సంతోషం. ఒకటి లేచి రెండోది బద్ధకంగా సగంలో ఆగితే ఎక్కడో గొట్టం లీకవుతోంది. వైపర్ల మీద మూత కూడా వ్యాక్యూమ్‌తోనే పనిచేస్తుంది. ఇది పెద్ద ఖర్చు కాకపోయినా, ఇన్నాళ్ళూ ఆ కారుని ఎవరైనా పట్టించుకున్నారా లేదా అన్నది ఇక్కడ బయటపడుతుంది. మైళ్ళ మీటర్‌లో ఉన్నవి ఐదు అంకెలే. 37,000 అంటే 1,37,000 కూడా కావొచ్చు. పెడళ్ళ అరుగుదల, సర్వీసు రసీదులు ఏం చెబుతున్నాయో పోల్చుకోండి. టైరు పక్కన డాట్ నంబర్ చివరి నాలుగు అంకెలు 2512 అని ఉంటే అది 2012లో 25వ వారం తయారైంది. గాట్లు ఎంత లోతున్నా దాన్ని మార్చాల్సిందే.

దూరంలో ఉన్న కారైతే ఆ ఊళ్ళో పాత కార్లు తెలిసిన మెకానిక్ చేత పరీక్ష చేయించండి. అమ్మేవాడు వద్దంటే ఆ కారు వద్దు. ఈ ఒక్క విషయంలో నేను ఎవరికీ సడలింపు చెప్పను.

కళ్ళకి శిక్షణ కావాలంటే షామ్‌బర్గ్ కంటే మంచి చోట్లు తక్కువ. ఏటా నవంబర్‌లో రోజ్‌మాంట్‌లో మజిల్ కార్ అండ్ కార్వెట్ నేషనల్స్ జరుగుతుంది, ఐ-90 మీద దగ్గరే. అక్కడ అసలైన కార్లు బానెట్లు ఎత్తి నిలబెడతారు. ఉత్తరాన వోలో మ్యూజియంలో పాత కార్లు ధర చీటీలతో అమ్మకానికే ఉంటాయి. 2010 దశకంలో మీకమ్ సంస్థ షామ్‌బర్గ్ కన్వెన్షన్ సెంటర్‌లోనే వేలాలు వేసింది. కొనే ఉద్దేశం లేకుండా ఒక సీజన్ అంతా చూసి రండి. సరైన కారు ఎలా ఉంటుందో తెలిశాక తేడా కారు దానంతటదే కనబడుతుంది.

ధర ఎక్కడ దొరుకుతుంది

అడిగే ధరల్ని పోల్చుకుంటే ఏమీ తేలదు. అమ్ముడైన ధరల్నే పోల్చుకోవాలి. బ్రింగ్ ఎ ట్రైలర్ లాంటి వేలం సైట్లలో పాత అమ్మకాలు ఫొటోలతో సహా అలాగే ఉంటాయి. క్లాసిక్ డాట్ కామ్ వేలాల ఫలితాల్ని ఒకచోట చేరుస్తుంది. హ్యాగర్టీ ధరల పట్టిక కారు స్థితిని నాలుగు మెట్లుగా విడగొట్టి ఒక్కో మెట్టుకి విలువ చెబుతుంది. ఒకటి పోటీల్లో నిలిచే కారు, రెండు చాలా బాగున్నది, మూడు బాగానే నడుస్తున్నది, నాలుగు పని పడేది. దాదాపు ప్రతి యజమానీ తన కారుని ఒక మెట్టు పైన కూర్చోబెడతాడు. మీరు ఒక మెట్టు కిందికి దించి మొదలుపెట్టండి.

మన నీలం కారు సంగతికొద్దాం. లెక్క నేర్చుకోవడానికి కొన్ని అంకెలు అనుకుందాం. గత ఏడాదిలో ఇలాంటివి 38, 41, 45 వేలకి అమ్ముడయ్యాయి. ఒకటి 62 వేలు పలికింది. ఒకటి 47 వేల దగ్గర రిజర్వ్ అందక ఆగిపోయింది. 62 వేల కారు పేజీ తెరిస్తే దానికి ట్యాంక్ స్టిక్కర్ ఉంది, ఎన్‌సీఆర్‌ఎస్ వాళ్ళ టాప్ ఫ్లైట్ అవార్డూ ఉంది. 1974లో మొదలైన ఆ కార్వెట్ సంఘంలో ఆ అవార్డు రావాలంటే నూటికి కనీసం 94 మార్కులు రావాలి. మన కారుకి అవి లేవు, కాబట్టి ఆ అంకె పక్కకి. ఆగిపోయినది అమ్మకం కాదు, అదీ పక్కకి. మిగిలిన మూడిటిలో మధ్యది 41 వేలు. అందులోంచి వెంటనే పడే పనులు తీసేయాలి: టైర్లకి 1,000, హెడ్‌లైట్ల వ్యాక్యూమ్‌కి 500. ఈ కార్లకి నాలుగు చక్రాలకీ డిస్క్ బ్రేకులే, వాడకుండా నిలబెడితే కాలిపర్లు లోపల పాడై కారతాయి, వాటికి 2,000. మిగిలింది 37,500. ఈ కారుకి రుజువులు చెప్పే ధర అది.

ఇక మీ ధర వేరే. మీ ఇంట్లో అనుకున్న మొత్తం 40,000 అనుకుందాం. పరీక్షకి 400, కారు టెక్సస్‌లో ఉందనుకుంటే అక్కడి నుంచి లారీ మీద రావడానికి 1,500. ప్రైవేటు మనిషి దగ్గర కొంటే ఇల్లినాయిలో పన్ను శాతంగా ఉండదు, స్లాబులుగా ఉంటుంది. 2022 సవరణ ప్రకారం 30 వేల నుంచి 50 వేల లోపు కారుకి 1,600. డీలర్ దగ్గరైతే రాష్ట్రపు పన్నే 6.25 శాతం, దాని మీద స్థానికం. ఇందాకటి రిపేర్లు 3,500. ఇవి పోగా 33,000 మిగిలాయి. ఈ కారు బ్రింగ్ ఎ ట్రైలర్ వేలంలో ఉంటే అక్కడ కొనేవాడి కమిషన్ 5 శాతం, అది కూడా తీసేస్తే మీరు పాడగలిగింది సుమారు 31,400. కారు విలువ 37,500. అంటే ఈ కారు మీది కాదు. ఎలాగోలా తక్కువకి వస్తుందని వారాల తరబడి వెంటపడే బదులు 350 ఇంజన్ కారు చూసుకోండి. రోడ్డు మీద మీకు దక్కే ఆనందంలో తేడా చాలా తక్కువ.

ఒక కుర్రాడు ఇలాంటి కారు గురించే నన్నడిగాడు. "అన్నా, రెస్టొరేషన్‌కే 60 వేలు పెట్టాడట, రసీదులున్నాయి. 48కి ఇస్తున్నాడంటే దొరికినట్టే కదా?"

"మీ అమ్మగారి గొలుసు అమ్మితే మజూరీ, తరుగు తిరిగొస్తాయా తమ్ముడూ?"

అతను మళ్ళీ ఆ రసీదుల మాట ఎత్తలేదు. రసీదులు పని జరిగిందని చెబుతాయి, ఎవరు చేశారో చెబుతాయి. అది తప్పకుండా చూడాల్సిందే. పెట్టిన డబ్బంతా ధరలోకి రాదు.

బేరం, వేలం

మార్కెట్‌ప్లేస్‌లో మన అలవాటు కొద్దీ "చివరి రేటు ఎంత?" అని మెసేజ్ పెడితే సాధారణంగా జవాబు రాదు. నలభై ఏళ్ళు కారుని పెంచుకున్న పెద్దాయనకి అది అవమానంగా ఉంటుంది. ఫోన్ చేసి ఎప్పుడు కొన్నారు, ఎవరి దగ్గర, చలికాలం ఎక్కడ ఉంచేవారు, ఎందుకు అమ్ముతున్నారు అని అడిగి, ఆయన్ని మాట్లాడనివ్వండి. ఆ మాటల్లో మీకు కావలసిన సగం సమాచారం ఉంటుంది. తర్వాత ఒక్కసారే ధర చెప్పండి, కారణంతో: ఇలాంటివి ఇంతకి అమ్ముడయ్యాయి, టైర్లు, బ్రేకులు మార్చాలి, అందుకని ఇంత ఇవ్వగలను అని. కాదంటే మీ నంబర్ ఇచ్చి వచ్చేయండి. ఈ ప్రాంతంలో ఏప్రిల్‌లో ఎండ రాగానే కొనేవాళ్ళు పెరుగుతారు. అక్టోబర్ చివర్లో ఇంకో చలికాలం గ్యారేజీలో చోటు ఆక్రమిస్తుందని అమ్మేవాళ్ళు దిగొస్తారు. ఫోన్ ఆ రోజుల్లో రావొచ్చు.

వేలం ఇంకో రకం పరీక్ష. బ్రింగ్ ఎ ట్రైలర్‌లో చివరి రెండు నిమిషాల్లో ఎవరైనా పాడితే గడియారం మళ్ళీ రెండు నిమిషాలకి వెళుతుంది. "ఇంకో ఐదొందలేగా" అన్న మాట ఎనిమిదిసార్లు అనుకుంటే నాలుగు వేలు. మీ గరిష్ఠ అంకెని ముందురోజే కాగితం మీద రాసి ఇంట్లో ఇంకొకరి చేతికివ్వండి. ఆ వేళ పక్కన కూర్చోబెట్టుకోండి కూడా. రెండు కార్ల గ్యారేజీ ఉన్న ఇంట్లో మూడో కారు మంచులో ఎక్కడ పడుకుంటుందన్న ప్రశ్న వాళ్ళే వేస్తారు. బయట నిల్వ చేస్తే నెలనెలా అద్దె కట్టాలి, దాన్నీ లెక్కలో వేసుకోండి.

సొమ్ము కట్టే ముందు రెండు సరిపోవాలి: టైటిల్ మీది పేరు అమ్మేవాడి గుర్తింపు కార్డు మీది పేరుతో, టైటిల్‌లోని నంబర్ కారు మీది చాసిస్ నంబర్‌తో. అప్పు బకాయి లేదని తేలాలి. మార్కెట్ ధరలో సగానికే పెట్టి, "నేను విదేశంలో ఉన్నాను, ఈ ఎస్క్రో సైట్‌లో డబ్బు వేయండి" అనేవాడితో ఇంకో మాట కూడా మాట్లాడొద్దు. అన్నీ సవ్యంగా ఉంటే అతని బ్యాంకు బ్రాంచిలోనే కూర్చుని, సొమ్ము చేరిన క్షణంలో సంతకం చేసిన టైటిల్ తీసుకోండి. ఆరోరా బాలాజీ గుడిలో వాహన పూజ ఆ తర్వాత.

కారు కదలక ముందే బీమా చేయించండి. మామూలు పాలసీ కాకుండా అగ్రీడ్ వాల్యూ పాలసీ అడగండి. ఏదైనా జరిగితే అప్పటికప్పుడు తరుగు లెక్కలు వేయకుండా ముందే ఒప్పుకున్న మొత్తం ఇస్తారు. ఆ మొత్తాన్ని నిర్ణయించేటప్పుడు మీ లెక్క కాగితం, ఫొటోలు, పరీక్ష రిపోర్టు అన్నీ పనికొస్తాయి, ఒక ఫైల్లో పెట్టుకోండి. ఇల్లినాయిలో 1996కి ముందు కార్లకి పొగ పరీక్ష లేదు. పాతికేళ్ళు దాటిన కారుకి యాంటిక్ ప్లేటు తీసుకోవచ్చు, కానీ దానితో ప్రదర్శనలకీ సర్వీసుకీ తప్ప తిరగకూడదు. ఎక్స్‌పాండెడ్ యూజ్ యాంటిక్ ప్లేటు తీసుకుంటే ఏప్రిల్ 1 నుంచి అక్టోబర్ 31 దాకా ఎక్కడికైనా వెళ్ళొచ్చు. వేసవిలో ఇంట్లోవాళ్ళని ఎక్కించుకుని తిరగాలనుకుంటే రెండోదే తీసుకోండి.